సెకిలో టాంటో కత్తి, తోలు ఒర, గిఫులో బస

జపాన్‌లో కత్తి కొనాలి అనగానే అందరూ చెప్పే పేర్లు రెండే, టోక్యోలో కప్పాబాషి వీధి, ఒసాకా పక్కన సకాయ్. రెండూ చూశా, వంటింటి కత్తులకైతే వాటికి తిరుగులేదు, అందులోనూ సకాయ్‌లో ఒకరు కొలిమి పని చేస్తే ఇంకొకరు పదును పెడతారు, పిడి బిగించేది మళ్ళీ వేరే వాళ్ళు, చూడ్డానికే బాగుంటుంది. కానీ నాకు కావాల్సింది టాంటో అనే పొట్టి జపాన్ కత్తి, అదీ చేత్తో చేసింది, దానికి కొలత ప్రకారం కుట్టిన తోలు ఒరతో. దానికైతే గిఫు ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉన్న సెకి ఊరే కరెక్ట్, టైమ్ తక్కువున్నవాళ్ళు మిగతా రెండూ వదిలేసి నేరుగా అక్కడికే పోండి.

నగోయా నుంచి గిఫుకి జేఆర్ రైల్లో ఇరవై నిమిషాలు, అక్కడ్నించి బస్సు. లేదా మినో-ఓటా దాకా వెళ్ళి నగరగావా రైల్వే ఎక్కొచ్చు, చిన్న డీజిల్ బండి, పొలాల మధ్య మెల్లగా పోతుంది, నాకైతే బస్సు కంటే ఇదే నచ్చింది. కాకపోతే బండ్లు తక్కువ, ఒకటి మిస్సయితే చాలాసేపు కూర్చోవాలి. సెకి స్టేషన్‌లో కాకుండా దాని పక్కనున్న సెకితెరాసు-మాఎలో దిగితే కత్తుల మ్యూజియం నడిచే దూరమే.

ఆ మ్యూజియం చిన్నదే, కానీ టికెట్ డబ్బులకి న్యాయం జరుగుతుంది. ఈ ఊళ్ళో కత్తుల పని దాదాపు 700 ఏళ్ళుగా నడుస్తోంది, కానెమోతో లాంటి కమ్మరుల పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొన్ని ఆదివారాలు కొలిమి వెలిగించి సమ్మెట్లతో కొట్టి చూపిస్తారు, ఆ రోజు పడేలా ప్లాన్ చేసుకుంటేనే మజా, మామూలు రోజు వెళ్తే అద్దాల వెనక కత్తులు, వీడియోలు, అంతే. ఫెదర్ బ్లేడ్లు తెలుసుగా, ఆ కంపెనీ కూడా ఈ ఊరిదే, 1932లో మొదలైంది, వాళ్ళ మ్యూజియం కూడా ఉంది, గడ్డం బ్లేడ్ల పిచ్చి లేకపోతే స్కిప్ చేసేయొచ్చు.

ఇక అసలు సంగతి. టాంటో అంటే ఒక 'షాకు' (జపాన్ పాత కొలత), అంటే 30.3 సెంటీమీటర్ల లోపు అలుగు (బ్లేడు) ఉన్న పొట్టి కత్తి. లైసెన్సున్న కమ్మరి 'తమహగానే' అనే సంప్రదాయ జపాన్ ఉక్కుతో చేసిన అసలు టాంటో కావాలంటే అది కళాఖండం కింద లెక్క, రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది, దేశం దాటించాలంటే మళ్ళీ పర్మిషన్, ధర లక్షల యెన్‌లు. టూరిస్టుకి అంత తలనొప్పి ఎందుకండీ. సెకిలో చేత్తో చేసే టాంటో తరహా నైఫులుంటాయి, అలుగు 15 సెంటీమీటర్ల లోపు ఉండి ఒకవైపే పదునున్నది తీసుకుంటే ఆ కత్తుల రిజిస్ట్రేషన్ గొడవ లేదు. మొన దగ్గర కోణంగా విరిచినట్టుండే టాంటోలు షోకేసుల్లో బోలెడు కనిపిస్తాయి, అది అమెరికా వాళ్ళ నైఫుల్లో 1980ల నుంచి పాపులర్ అయిన షేపు, పాత జపాన్ టాంటో మొన మెత్తగా వంపు తిరిగి ఉంటుంది. నేను వంపుదే తీసుకున్నా.

షాపులో డమాస్కస్ అని చెప్పి అలలు అలలుగా ఉన్న అలుగులు చూపిస్తారు, రెండు రకాల ఉక్కు పొరలు అతికించి చేసినవి అవి. మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసి పర్షియా దాకా పంపిన, పాత డమాస్కస్ కత్తులకి వాడిన ఉక్కు వేరే సంగతి, ఇది చూసి దాంతో పోల్చి మురిసిపోకండి. నేను మాత్రం ఏ అలలూ లేని కార్బన్ స్టీల్ తీసుకున్నా, పదును బాగా పడుతుంది, కాకపోతే తుప్పు పట్టకుండా చూసుకోవాలి.

తోలు ఒర విషయంలో మాత్రం తొందరపడొద్దు. రెడీమేడ్ ఒర వదులుగా ఉంటే కత్తి గలగలలాడుతుంది, తలకిందులుగా పట్టుకుంటే జారిపోతుంది. కొలత ప్రకారం ఒర కుట్టే ఆయనైతే కత్తి చుట్టూ తడి తోలు బిగించి ఆరబెట్టి ఆకారం తెప్పిస్తాడు, కుట్టు దగ్గర రెండు పొరల మధ్య ఇంకో తోలు పట్టీ పెడతాడు, అది లేకపోతే పదును నేరుగా దారానికి తగిలి కొన్నాళ్ళకి కుట్లు తెగిపోతాయి. కొనేముందు ఆ పట్టీ ఉందా లేదా అంచు వైపు నుంచి చూడండి, చాలామంది చూడరు. ఇంకోటి, ఒర ఎంత అందంగా ఉన్నా కార్బన్ స్టీల్ కత్తిని నెలల తరబడి అందులో ఉంచకూడదు, తోలు తేమ పట్టేస్తుంది. ఇంట్లో నూనె రాసి విడిగా పెట్టి, బయటికి తీసుకెళ్ళేప్పుడే ఒర వాడాలి. కత్తీ ఒరా కలిపి నలభై వేల యెన్ దాటింది, నా దృష్టిలో ఒర పనితనానికే సగం ఇవ్వొచ్చు.

బస సెకిలో కంటే గిఫులోనే బెటర్. స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్ రూమ్ అగ్గిపెట్టె సైజే కానీ శుభ్రం, పొద్దున్నే బస్సుకి ఈజీ. ఒక రాత్రి నగరా నది ఒడ్డున పాతకాలం సత్రంలో ఉన్నా, వేడినీళ్ళ స్నానం అద్భుతం, భోజనం మాత్రం ఆ రేటుకి నిరాశే, వేడిగా రావాల్సినవి చల్లారి వచ్చాయి. నదిలో రాత్రిపూట దివిటీల వెలుగులో నీటికాకులతో చేపలు పట్టించే ఆట మే 11 నుంచి అక్టోబర్ 15 దాకా ఉంటుంది, అది చూడాలనుంటేనే అక్కడ దిగండి. తిండికి సెకిలో ఈల్ చేప అన్నం ఫేమస్, కాస్త తియ్యగా ఉంటుంది, నాకు నచ్చింది. శాకాహారులైతే గిఫులోనే ఏదో ఒకటి కొనుక్కుని బయల్దేరండి.

కొన్న కత్తిని ప్యాక్ విప్పకుండా సూట్‌కేస్ అడుగున పెట్టేయండి, జపాన్‌లో కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన అలుగు ఒంటి మీద పెట్టుకు తిరిగితే పోలీసు కేసే, ఒర ఉంది కదా అని బెల్టుకి తగిలించి ఫొటోలు దిగే వేషాలొద్దు. విమానంలో చెక్-ఇన్ లగేజీలోనే వెయ్యాలి. మన ఆర్మ్స్ రూల్స్‌లో 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు హద్దు, 15 సెంటీమీటర్ల లోపుది దానికి బాగా కిందే, అయినా బిల్లు కత్తితోపాటే ఉంచండి. సెకిలో ఏటా శరదృతువులో కత్తుల పండగ ఉంటుంది, అప్పుడు వెళ్తే మాత్రం గిఫులో రూమ్ ముందే పట్టుకోండి.