నోవా సౌర వికిరణ తుఫాను సూచిక: ఓజోన్ కోసం చూసేవారికి ఎంత ఉపయోగం?

సూర్యుడి నుంచి దూసుకువచ్చే ప్రోటాన్ల ఉద్ధృతిని ఎస్1 నుంచి ఎస్5 వరకు అయిదు మెట్లుగా చూపే సూచికను అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) అంతరిక్ష వాతావరణ అంచనా కేంద్రం తన వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తోంది. భూస్థిర కక్ష్యలోని గోస్ ఉపగ్రహాలు కొలిచే, 10 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులకు (కణాల శక్తిని చెప్పే కొలమానం) పైబడిన ప్రోటాన్ల ప్రవాహమే దీనికి ఆధారం; అది పదింతలైన ప్రతిసారీ తీవ్రత ఒక మెట్టు పెరుగుతుంది. సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి కనుక మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

భూ అయస్కాంత తుఫానుకు వేరే గడి ఉండడం దీనిలోని మేలు. 2024 మేలో లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం సైతం ఎర్రబడి, అందరి నోటా భూ అయస్కాంత తుఫానులో పైమెట్టయిన జీ5 మాటే వినిపించినప్పుడు, ఎస్ గడి ఎస్2 దాటలేదు. 2003 అక్టోబరు ఆఖరులోనైతే ఎస్4 నమోదైంది.

వ్యోమగాములకు, ఉపగ్రహాలకు, ధ్రువ మార్గ విమానాల రేడియోకు ఉన్న ముప్పును చెప్పడంలో దీనికి వంక పెట్టలేము. నేను చూసేది మాత్రం ఓజోన్ కోసం. ధ్రువాల మీది గాలిలోకి చొచ్చుకువచ్చిన ప్రోటాన్ల వల్ల నైట్రోజన్ అణువులు విడిపోయి నైట్రిక్ ఆక్సైడ్, నీటి ఆవిరి పాల్గొనే అయాన్ చర్యల వల్ల హైడ్రాక్సిల్ పుడతాయి. రెండూ ఓజోన్‌ను హరించేవే. హైడ్రాక్సిల్ ప్రభావం గంటల్లోనో రోజుల్లోనో సద్దుమణుగుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ కుటుంబం అలా కాదు, ఎండ తగలని ధ్రువ శీతకాలపు చీకటిలో నెలల తరబడి నిలిచి, అక్కడి సుడిగాలుల వలయంలో మెల్లగా, ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణంలోకి దిగుతుంది. వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రూట్జెన్, ఆయన సహచరులు 1975లోనే ఈ నైట్రిక్ ఆక్సైడ్ సంగతిని వివరించారు. 1972 ఆగస్టు తుఫాను తరువాత ఓజోన్ తగ్గినట్టు నింబస్-4 ఉపగ్రహం కొలతల్లో తేలింది.

అందుచేత రసాయనం దృష్టిలో ఒక ఎస్3కూ మరో ఎస్3కూ పోలిక ఉండకపోవచ్చు. తుఫాను ఎన్నాళ్లు సాగింది, ఏ ధ్రువంలో శీతకాలం, కణాల శక్తి ఎంత అన్నవి లెక్కకు రావాలి. 10 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాను సుమారు 65 కిలోమీటర్ల ఎత్తున ఆగితే, 100 ఉన్నది 35 కిలోమీటర్ల వరకు దిగుతుంది. మెట్టు సంఖ్య వీటిలో దేన్నీ పట్టదు. అదే వెబ్‌సైటులో వేర్వేరు శక్తి స్థాయులను విడివిడి గీతలుగా చూపే గ్రాఫు మెరుగు. సూచిక కంటే ముందు దాన్నే తెరవమని చెబుతాను.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి, ప్రభావాల పట్టికలో ఓజోన్‌కు ఒక్క వరుసైనా కేటాయించనందుకు.