డార్విన్ ఉత్తరాలతో ఏళ్ల సాహచర్యం: ఒక పాఠకుడి సమీక్ష

1974లో మొదలైన డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్ట్ 30 సంపుటాలతో పూర్తయింది. అది సేకరించిన 15,000 పైచిలుకు ఉత్తరాలను ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పరిణామవాదం కోసం దీన్ని తెరిచిన నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచినవి మాత్రం పరికరాల గురించి, సంస్థల గురించి సాగిన ఉత్తరాలే.

ఉదాహరణకు, బార్నకిల్స్‌ను (సముద్రపు రాళ్లకు, ఓడలకు అంటుకుని బతికే చిన్న జీవులను) కోసి పరీక్షించే పనిలో మునిగి ఉన్న డార్విన్ 1848 ఏప్రిల్‌లో తన గురువు హెన్‌స్లోకు రాసిన ఉత్తరం చూడండి. లండన్‌లోని స్మిత్ అండ్ బెక్ వారు తయారుచేసిన సాదా మైక్రోస్కోపును ఆయన అందులో మనసారా మెచ్చుకుంటారు. నీళ్లలో ఉంచిన జీవిని పళ్లెంతో సహా పెట్టి కోయడానికి వీలైన వెడల్పాటి, కదలని పీఠం ఎంత అవసరమో రోజూ దాని ముందు కూర్చునే మనిషికే తెలుస్తుంది. ఆ అనుభవం ఉత్తరాల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

1878లో కొడుకు ఫ్రాన్సిస్ జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో వృక్షశాస్త్రవేత్త సాక్స్ ప్రయోగశాలలో పనిచేస్తున్నప్పుడు తండ్రీకొడుకుల మధ్య నడిచిన ఉత్తరాలు నాకు మరీ ఇష్టం. ఇంట్లోనే ప్రయోగాలు చేసుకున్న తరానికీ, సర్వాంగ సన్నద్ధమైన ప్రయోగశాలలో శిక్షణ పొందుతున్న తరానికీ మధ్య ఉన్న దూరం వాటిలో తెలుస్తుంది. మరో కొడుకు హోరేస్ 1881లో శాస్త్ర పరికరాలు తయారుచేసే కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. 1872లో లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం డైరెక్టర్ హుకర్‌కూ, మంత్రి ఎయిర్టన్‌కూ మధ్య చెలరేగిన వివాదంలో శాస్త్రవేత్తలు ఎలా ఏకమయ్యారో కూడా ఇక్కడే చదవవచ్చు.

సంపాదకుల శ్రమకు చేతులెత్తి నమస్కరించాలి. తేదీ లేని ఉత్తరానికి లోపలి ఆధారాలను బట్టి తేదీ నిర్ణయించి, అది తమ ఊహ అని తెలిసేలా చదరపు కుండలీకరణాల్లో ఇస్తారు. పరికరం, మనిషి, సంస్థ, ఏది ప్రస్తావనకు వచ్చినా అధోజ్ఞాపికలో వివరం దొరుకుతుంది. అధోజ్ఞాపికలను దాటేసి చదివితే ఈ సంకలనం విలువలో సగం కోల్పోయినట్లే.

1862 దాకా తనకు వచ్చిన ఉత్తరాలను డార్విన్ కొన్నేళ్లవి పోగయ్యాక తగలబెట్టేవారు కాబట్టి, అంతకుముందు కాలంలో చాలావరకు ఆయన మాటే వినిపిస్తుంది, అవతలివారి జవాబు దొరకదు. అదే కాలపు ఇతర శాస్త్రవేత్తల ఉత్తరాలు కావాలంటే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నిర్వహించే ఎప్సిలాన్ అనే వెబ్‌సైట్‌లో వెతకాలి. ఫారడే, హెర్షెల్, టిండాల్ ఉత్తరాల వివరాలు అక్కడ ఒకేచోట దొరుకుతాయి.