సిట్రస్ స్పెషల్: మా డాబా మీది నిమ్మచెట్టు తేరుకుంది

బెంగళూరులో కుండీల్లో నిమ్మ పెంచేవాళ్లకి హెసరఘట్ట ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ల సిట్రస్ స్పెషల్ పొడి (నిమ్మజాతి చెట్లకి జింకు లాంటి సూక్ష్మపోషకాలు కలిపిన మిశ్రమం) కళ్లు మూసుకుని కొనమంటాను. కొత్తాకులు చిన్నగా, సన్నగా వచ్చి, ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపు తిరిగాయంటే చాలావరకు జింకు లోపమే, సున్నం ఎక్కువున్న బోరునీళ్లు పోస్తుంటే మట్టిలో జింకు ఉన్నా వేర్లకి అందదు. అందుకే ఆకుల మీద పిచికారీ. లీటరు నీళ్లకి 5 గ్రాములు, ఆకుకి పట్టడానికి కాస్త షాంపూ, ఎండ దిగాక ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టాలి. పాతాకుల పసుపు అంతగా పోలేదు కానీ కొత్త చిగురు మాత్రం వెడల్పుగా, నిగనిగలాడుతూ వచ్చింది, చూస్తే ప్రాణం లేచొచ్చింది! జింకు పాతాకు నుంచి కొత్తాకుకి పెద్దగా పాకదు, కాబట్టి చిగురు వేసినప్పుడల్లా మళ్లీ కొట్టాల్సిందే. కింది ముదురాకులు పసుపెక్కితే మెగ్నీషియం లోపం కావచ్చు, దానికి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) చూడండి.