ఒకే ప్రేమకథ: జపాన్ రూపం, కొరియా రూపం

జపాన్, కొరియా ప్రేమ ధారావాహికలలో ఏవి మేలైనవన్న చర్చకు, రెండు దేశాలూ తెరకెక్కించిన ఒకే మాంగా (జపాన్ బొమ్మల పుస్తకం) కథను మించిన గీటురాయి లేదని నా అభిప్రాయం. 'హనా యోరి దాంగో'ను జపాన్‌లోని టీబీఎస్ టీవీ ఛానెల్ 2005లో 9 భాగాలుగా, 2007లో మరో 11 భాగాలుగా ప్రసారం చేయగా, కొరియాలోని కేబీఎస్ ఛానెల్ 2009లో దానినే 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' పేరుతో 25 భాగాలుగా అందించింది.

కొరియా రూపాన్ని ఇష్టపడేవారు ముందుగా చెప్పేది దాని వైభవాన్ని గురించే. న్యూ కాలెడోనియా, మకావ్‌లలో తీసిన దృశ్యాలు, సన్నివేశాన్ని వదలకుండా వెంటాడే పాటలు, విరహాన్ని తీరికగా అనుభవింపజేసే నిడివి వారిని కట్టిపడేశాయి. కథానాయకుడిగా నటించిన లీ మిన్‌హోకు విశేషమైన పేరు తెచ్చిపెట్టినది కూడా ఈ ధారావాహికే. అయితే చివరి భాగాలలో అపార్థాలు, ఎడబాట్లు పదేపదే ఎదురై కథ సాగదీసినట్లుందన్న ఫిర్యాదును కాదనలేము.

జపాన్ రూపంలో హంగులు తక్కువ, హాస్యం కొంత అతిగా ఉంటుంది. అయినా నా మొగ్గు అటువైపే, అందుకు కారణం కథానాయిక. ఆమె పేరైన త్సుకుషి అన్నది వసంతంలో నేలను చీల్చుకొని వచ్చే ఒక కలుపు మొక్క పేరు. కొరియా నాయిక పేరైన జండికి పచ్చిక అని అర్థం. ఎంత తొక్కినా మళ్లీ తలెత్తే మన గరిక వంటి ఆ మొండితనాన్ని త్సుకుషిగా నటించిన ఇనోవే మావో చివరిదాకా నిలుపుకోగా, జండిని మాత్రం కథ తరచుగా ఎవరో వచ్చి కాపాడవలసిన స్థితిలోకి నెట్టింది.