పాత ఇత్తడి, బీడు, కంచు: బుడితి నుంచి బేగంబజార్ దాకా

పాత వంటపాత్రలు కొందామనుకునేవాళ్ళు ముందు కొట్టు వెతుక్కోకండి, కళాయి, అంటే గిన్నె లోపల తగరం పూత, వేసే మనిషిని వెతుక్కోండి. మా వదిన, నేను కలిసి శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ దాకా తిరిగొచ్చాక ఈ మాట గట్టిగా చెప్పగలను. ఇత్తడి గిన్నె ఎంత మంచిదైనా, లోపల కళాయి లేకపోతే పులుసు కాదు కదా, టమాటా పప్పు కూడా వండకూడదు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు) కలిపిన లోహం. పులుపు తగిలితే ఆ లోహం కూరలోకి దిగుతుంది. మీ ఊళ్ళో కళాయి వేసేవాళ్ళే లేకపోతే ఇత్తడి జోలికి వెళ్ళకుండా ఇనుము, బీడు, స్టీలు కొనుక్కోవడం మేలు.

ఇంతకీ పాతవే ఎందుకంటే, మేముండేది విశాఖపట్నంలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక రోజుల తరబడి కరెంటు లేదు. ఇండక్షన్ స్టవ్ ఉన్నా లేనట్టే. గ్యాస్ బండి రావాలంటే దారి లేదు, ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. ఆ కొమ్మలే కొట్టి తెచ్చి, మేడ కింద ఇటుకలు పేర్చి వండుకున్నాం. ప్లాస్టిక్ పిడి ఉన్న గిన్నె ఒక్కటీ ఆ మంట దగ్గర పనికిరాలేదు. పనికొచ్చినవి మా అత్తగారి ఇత్తడి గుండిగ, ఒక ఇనుప మూకుడు. వాటిలోనే మా మెట్లమీది ఇళ్ళన్నిటికీ అన్నం ఉడికింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం వైపు మా చుట్టాలదీ ఇదే పరిస్థితి. అందుకే రోజూ గ్యాస్ మీద వాడుకోవడానికి, తుఫాను రోజున కట్టెల మీద పెట్టడానికి రెండిటికీ పనికొచ్చే సామాను కావాలనుకున్నాం. అడుగు మందంగా ఉండాలి, పిడి లోహానిదే అయి ఉండాలి, మూత సరిగ్గా కూర్చోవాలి. కొత్త షాపుల్లో ఈ మూడూ ఉన్న గిన్నె ధర వింటే గుండె ఆగినంత పనవుతోంది.

ముందు బుడితి వెళ్ళాం. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఊరది. కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రైల్లో వెళ్ళేవాళ్ళు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది నిజానికి ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పల్లెవెలుగు బస్సు ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే చాలు. తిరుగు బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో దిగేముందే కండక్టర్‌ని అడగండి, సాయంత్రమైతే ఆటో తప్ప గతి ఉండదు.

బుడితిలో కొత్త సామాను కొనడానికే అందరూ వెళతారు. మేము మాత్రం కరిగించడానికి తెచ్చిన పాత సామాను చూపించమని అడిగాం. కంచరి పనివాళ్ళకి పాత ఇత్తడి, పాత కంచు ముడిసరుకు. గోతాల్లో వచ్చినదాన్ని మూసలో కరిగించి కొత్త పాత్ర పోస్తారు. ఆ గోతాల్లో చితికిపోయినవే ఎక్కువ. కానీ మధ్యలో, వాడేవాళ్ళు లేక అమ్మేసినవి, చెక్కు చెదరనివి కూడా ఉంటాయి. ఒక పెద్దాయన గోతాం మా ముందు బోర్లించి, "ఏరుకోండమ్మా, తూకానికే ఇస్తాను" అన్నారు.

కంచు ఎలా చూడాలో ఆయనే నేర్పారు. గిన్నెని అరచేతిలో కాకుండా మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, అంచు మీద వేలి గణుపుతో కొట్టాలి. మంచి కంచు ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. కంటికి కనిపించని పగులున్నా చాలు, మోత తెగిపోతుంది. రాగి, తగరం కలిసిన లోహం కంచు. గట్టిదే కానీ పెళుసు, కింద పడితే పగులుతుంది. పగిలిందాన్ని మాటు వేసి వాడడం దండగ, మళ్ళీ కరిగించి పోయాల్సిందే. పొయ్యి మీద నుంచి దింపిన కంచు గిన్నెలో చన్నీళ్ళు పోయొద్దని కూడా ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. తుఫాను వంటకి కంచు పనికిరాదు, హడావుడిలో ఎవరో ఒకరు జారవిడుస్తారు. పాయసానికి, పెరుగు తోడు పెట్టడానికి ఒక వెడల్పాటి గిన్నె తీసుకున్నాం.

అదే గోతాంలో ఒక ఇత్తడి తపేలా కూడా దొరికింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఏ పెళ్ళిలో ఎవరు చదివించారో! దాన్ని కరిగించనివ్వడానికి వదినకి మనసొప్పలేదు. నాకూ అంతే.

రాత్రికి శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లోనే ఒక లాడ్జిలో దిగాం. గదులు చిన్నవి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేణ్ణీళ్ళు పొద్దున మాత్రమే. కౌంటర్ దగ్గర అబ్బాయి మా సామాను చూసి కింది అంతస్తు గది ఇచ్చాడు. ఇత్తడి మోస్తూ తిరిగేవాళ్ళకి ఇంతకంటే పెద్ద సేవ ఇంకోటి లేదు. లిఫ్ట్ ఉందో లేదో అడక్కుండా గది తీసుకోవద్దు.

తర్వాత అజ్జరం. తణుకుకి దగ్గర, పెరవలి మండలం. ఇత్తడి సామానుకి గోదావరి జిల్లాల్లో ఈ ఊరి పేరు చెప్పాల్సిందే. కొనడానికి బుడితి కన్నా ఇక్కడ సులువు. రోడ్డు మీదే షాపులున్నాయి, తూకం మన కళ్ళముందే వేస్తారు, పాత ఇత్తడి తీసుకుని కొత్తది ఇచ్చే మార్పిడి వ్యాపారం నిత్యం జరుగుతుంది. పాతది ఇచ్చేటప్పుడు తరుగు తీసేస్తారు. ఆ తరుగు ఎంతో ముందే మాట్లాడుకోకపోతే తర్వాత గొడవ. మార్పిడికి వచ్చిన గుండిగలు, గంగాళాలు వెనక గదిలో పోసి ఉంచారు. మేము తీసుకున్న గుండిగకి కిలో 650 చెప్పి 600కి ఇచ్చారు. కొత్త దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ, పైగా ఆ మందం ఇప్పుడు పోత పోయించుకుంటే తప్ప రాదు.

ఇక్కడ ఓపిక పట్టాలి. మేము ప్రతి గిన్నెనీ ఎండలోకి తెచ్చి సూర్యుడి వైపు ఎత్తి చూశాం. సూదిమొన బెజ్జమైనా వెలుగు పడితే తెలిసిపోతుంది. తర్వాత నీళ్ళు పోసి, పొడి సిమెంటు గచ్చు మీద పెట్టి, టీ తాగి వచ్చేదాకా వదిలేశాం. అడుగున తడి కనిపించినదాన్ని పక్కన పెట్టేశాం. బయట పచ్చటి చిలుము ఉంటే దిగులు పడక్కర్లేదు, చింతపండుతో పోతుంది. లోపల పసుపు రంగు పోయి గులాబీ ఎరుపు మచ్చలు పడితే మాత్రం వదిలేయాలి. అక్కడ తుత్తునాగం పోయి రాగి మాత్రమే గుల్లగా మిగిలిందని అర్థం. తోమినా, కళాయి వేసినా ఆ చోటు బాగుపడదు. మాటు వేసిన గిన్నెలు కూడా వద్దు. పాతకాలపు మాట్లలో సీసం కలిసిన టంకం వాడి ఉండొచ్చు. అలాంటివి పూల కుండీకి బాగుంటాయి, వంటకి కాదు.

తణుకులో బస గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఊళ్ళో టిఫిన్ మాత్రం చాలా బాగుంది. అక్కడి నుంచి తపేలా తప్ప మిగతా సామాను పార్సెల్‌లో ఇంటికి పంపించాం. మూత విడిగా కట్టమని చెప్పినా కట్టలేదు, ఇంటికి వచ్చేసరికి గుండిగ మూత సొట్టపడి ఉంది. సొట్ట తీయించుకోవచ్చులెండి. మీరు మాత్రం గిన్నెలో గిన్నె పెట్టి, మధ్యలో పాత చీరలు కుక్కి, గోతాం మీ చేతుల్తోనే కుట్టించండి.

హైదరాబాద్‌లో మూడు చోట్లు చూశాం. ఎర్రగడ్డ ఆదివారం సంత ఇనుప సామానుకి బాగుంది. మెట్రో దిగితే ఎదురుగానే. అక్కడ ఒక బీడు దోసె పెనం దొరికింది. ఎన్నేళ్ళు వాడారో, పైన నల్లగా నునుపుగా అద్దంలా తేరి ఉంది. బీడుని కూడా కొట్టి చూడాలి, పగులుంటే డబ్‌మంటుంది. పైపై తుప్పుకి భయపడొద్దు. ఇసుకతోనో ఇనుప పీచుతోనో తోమి, నూనె రాసి, పొగలు వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి. నాలుగైదు సార్లు అలా చేస్తే అట్టు అంటుకోదు. సంతలో హోటళ్ళ నుంచి వచ్చిన పెద్ద పెద్ద సిల్వర్ డేగిసాలు గుట్టలుగా ఉన్నాయి, లోపలంతా గుంటలు పడి ఉన్నాయి. చవగ్గా వస్తున్నాయని తీసుకోవద్దు.

జుమ్మేరాత్ బజార్ పేరులోనే గురువారం ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కాక మిగిలేవి ఏరగా వదిలేసినవే. నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు అక్కడే దొరికింది: మందపాటి ఇనుప కుంపటి, కింద బూడిద రాలడానికి జల్లెడ, మోయడానికి తీగ పిడి. పక్కనే నూతన్ స్టవ్‌లు, పంపు కొట్టే పాత ఇత్తడి స్టవ్‌లు కూడా పెట్టారు. చూడముచ్చటగా ఉన్నాయి, కానీ కిరసనాయిలు దొరకని రోజుల్లో వాటితో ఏం చేస్తాం? బొగ్గు, కట్టె మీద నడిచేది తీసుకోవడమే తెలివి. కుంపటి కొన్నవాళ్ళకి ఒక్క మాట చెప్పి తీరాలి. బయట ఎంత గాలీ వానా ఉన్నా తలుపులు మూసిన గదిలో బొగ్గు రాజేయకండి. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వరండాలోనో, రెండువైపులా గాలి ఆడే చోటో పెట్టుకోవాలి.

బేగంబజార్‌లో కొత్త సామానే ఎక్కువ. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రోలో దిగి ఆటోలో వెళ్ళాం. బేరం గట్టిగా ఆడాలి. తగరపు చారు గిన్నె, మనలో కొందరు సత్తు గిన్నె అంటారే, అది ఒకటి పాతది చూపించారు. కొనలేదు. అందులో సీసం కలిసిందో లేదో కంటితో తేల్చలేం. చారు గిన్నె మీద అంత సరదా ఉంటే కొత్తది, నమ్మకమైన చోట, బిల్లుతో కొనుక్కోండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నెని మంట మీద పెట్టకూడదు. కళాయి వేసిన ఇత్తడికీ అదే నియమం. నీళ్ళో చారో పోశాకే పొయ్యి వెలిగించాలి, అందులో బూరెలు, గారెలు వేయించకూడదు.

బేగంబజార్‌లో మేము చేసిన మంచి పని కళాయి భాయ్‌ని పట్టుకోవడం. తపేలా కూడా వెంట తీసుకెళ్ళాం. సందు చివర నేల మీద చిన్న బొగ్గుల పొయ్యి, చేత్తో తిప్పే గాలి మిషను, అంతే ఆయన దుకాణం. పని మొదలుపెట్టేముందు తగరం కడ్డీ నా చేతికిచ్చి, "వంచి చెవి దగ్గర పెట్టుకోండమ్మా, తగరమైతే కరకరమంటది, సీసమైతే సప్పుడు రాదు" అన్నాడు. వంచాను. నిజంగానే కరకరమంది. ఆ చప్పుడు వినకుండా ఎవరిచేతా కళాయి వేయించుకోవద్దు, ధర తగ్గించడానికి సీసం కలిపేవాళ్ళున్నారు.

తపేలాని పట్టకారుతో పట్టుకుని బొగ్గుల మీద తిప్పుతూ కాల్చాడు. లోపల నవసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ కమ్మేసింది. కడ్డీ అలా తాకించాడో లేదో తగరం కరిగి జారింది. దూది ఉండతో ఒక్క చుట్టు తుడిచేసరికి గిన్నె లోపలంతా తెల్లబడింది. వెంటనే నీళ్ళలో ముంచాడు. ఇదంతా కొన్ని నిమిషాల పనే. 450 తీసుకున్నాడు, అందులో ఒక్క రూపాయి కూడా ఎక్కువనిపించలేదు. ఈ పని చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు, వాళ్ళుంటేనే మన ఇళ్ళల్లో ఇత్తడి బతుకుతుంది. పీచు పెట్టి తోమకుండా మెత్తటి గుడ్డతో కడిగితే కళాయి ఎక్కువ రోజులు నిలుస్తుంది. పసుపు రంగు తొంగిచూసిన రోజున మళ్ళీ వేయించాలి.

హైదరాబాద్‌లో బసకి నాంపల్లి వైపు లాడ్జీలు బజార్లకి, స్టేషన్‌కి రెండిటికీ దగ్గర. రాత్రిళ్ళు హారన్ల మోత భరించాలి. మియాపూర్ వైపు చుట్టాలింట్లో దిగితే సుఖమే కానీ ఇనుప కుంపటితో మెట్రో మెట్లెక్కి అంత దూరం పోవడం కష్టం.

పాతవి అసలు కొనకూడనివి ఇంకో రెండున్నాయి. గీతలు పడ్డ నాన్‌స్టిక్ ఒకటి, ప్రెషర్ కుక్కర్ ఒకటి. సంతల్లో కుక్కర్లు చవగ్గా కనిపిస్తాయి, గాస్కెట్ మార్చుకుంటే చాలంటారు. ఎన్నిసార్లు నీళ్ళు లేకుండా మాడిందో, అడుగు ఉబ్బిందో, సేఫ్టీ వాల్వు అసలుదో కాదో మనకెవరు చెబుతారు? కుక్కర్ కొత్తదే, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి.

ఇంటికొచ్చాక గుండిగని మేడ మీద ఇటుకల పొయ్యి మీద పెట్టి చూశాం. కట్టెల మీద పెట్టేముందు గిన్నె బయట తడిమట్టి పలచగా పూస్తే మసి దానికే పడుతుంది, నీళ్ళు పోస్తే ఊడిపోతుంది. ఇటుకల మధ్య గిన్నె అడుగు కన్నా కాస్త తక్కువ ఎడం ఉంచి, గాలి వచ్చే వైపు తెరిచి పెట్టాలి. ఇప్పుడు గుండిగ, బీడు పెనం, కుంపటి, ఒక గోతాం బొగ్గులు, 5 కిలోల చిన్న సిలిండరు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ డబ్బాలో వేసి మెట్ల కింద ఒకేచోట పెట్టాం. ఇంకా కావలసింది నీళ్ళు నిలవ పెట్టడానికి ఒక పెద్ద గంగాళం. మళ్ళీ అజ్జరం వెళితే ఈసారి రైల్లో కాదు, కారు మాట్లాడుకునే వెళతాం.