పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు పాస్‌వర్డ్‌లు తుడవడం: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌లలో ఏది నయం?

అనంతపురంలో కోర్సు అయిపోతూనే సీనియర్ల ల్యాప్‌టాప్‌లు జూనియర్ల చేతికి పోతుంటాయి. జేఎన్‌టీయూ హాస్టలైనా, ఎస్కేయూ అయినా ఇదే వరస. అమ్మేవాళ్లు ఫోటోలు, సినిమాలు తీసేస్తారు, బ్రౌజర్ జోలికి పోరు. జీమెయిల్, ఐఆర్‌సీటీసీ, ఏపీపీఎస్సీ లాగిన్లు అందులో అట్లే కూర్చుంటాయి. పాస్‌వర్డ్ చూపించే ముందు క్రోమ్ విండోస్ పిన్ అడుగుతుంది కదా అని ధీమా వద్దు. సైటు తెరిస్తే గడులు మామూలుగా ఏ పిన్నూ అడక్కుండానే నిండిపోతాయి. పైగా కొన్నవాళ్లకు ఆ పిన్ మనమే చెప్పి ఇస్తాం.

క్రోమ్‌కు 5కు 3. తుడిచే పని బాగానే చేస్తుంది, చిక్కంతా వరసలోనే. సింక్ (ఒకే అకౌంట్ ఉన్న డివైస్‌లన్నిటిలో డేటాను ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉండగా పాస్‌వర్డ్‌లు డిలీట్ చేస్తే గూగుల్ అకౌంట్‌లోవీ పోతాయి, చేతిలోని ఫోన్లోవీ పోతాయి. ఈ సిస్టమ్ వరకే తుడవాలంటే ముందు సైన్ అవుట్ కావాలని చెప్పే మాట ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది. అందుకని మొదట సెట్టింగ్స్‌లో సింక్ ఆపండి. అప్పుడు ఈ డివైస్‌లోని డేటా కూడా తీసేయాలా అని టిక్ గడి వస్తే టిక్ పెట్టండి. తర్వాత పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, లిస్టు ఖాళీ అయిందో లేదో కళ్లారా చూసుకోండి. కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఇంకో ప్రొఫైల్, అంటే అదే క్రోమ్‌లో ఇంకొకరి పేరున్న విడి ఖాతా, కనబడొచ్చు. తమ్ముడిదో, ప్రాజెక్టు మెయిల్‌దో అయి ఉంటుంది, దాన్నీ తీసేయాల్సిందే. క్రోమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలనుకునేవాళ్లు ఎక్కువ. బ్రౌజింగ్ డేటా కూడా తీసేయమనే గడిలో టిక్ పెట్టకపోతే యూజర్ డేటా ఫోల్డర్ డిస్కులోనే ఉంటుంది. మళ్లీ క్రోమ్ వేస్తే పాతవన్నీ తిరిగొస్తాయి.

ఫైర్‌ఫాక్స్‌కు 4. మెనూలో పాస్‌వర్డ్స్ పేజీ తెరిచి, మూడు చుక్కలు నొక్కి అన్నీ తీసేయమంటే, ఎన్ని లాగిన్లు పోతున్నాయో అంకెతో చెబుతుంది. ఒప్పుకుంటున్నానని టిక్ పెడితే గానీ బటన్ పనిచేయదు. సింక్ ఉంటే అన్ని డివైస్‌లలోనూ పోతాయని ముందే హెచ్చరిస్తుంది. కాబట్టి ఇక్కడ కూడా ముందు సైన్ అవుట్ కావాలి. ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి హిస్టరీ అంతా చెరిపినా సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు. రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ ఇంకా తికమక పెడుతుంది. అది పాస్‌వర్డ్‌లను అట్టిపెట్టుకుంటుంది, పాత ప్రొఫైల్‌ను కూడా ఒక ఫోల్డర్‌గా డెస్క్‌టాప్ మీద పెట్టి పోతుంది.

ఎడ్జ్‌కు 2. “నేనెప్పుడూ వాడనే లేదే” అనేవాళ్లే ఇక్కడ దొరికిపోతారు. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే తెరల్లో తొందరగా ‘కంటిన్యూ’ కొట్టుంటే, క్రోమ్ పాస్‌వర్డ్‌ల కాపీ ఇందులోకి వచ్చేసి ఉండొచ్చు. తెరిచిన ప్రతిసారీ క్రోమ్ నుంచి డేటా తెచ్చుకునే సెట్టింగ్ కూడా ఉంది. ముందు దాన్ని ఆపి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైన్ అవుట్ చేసి, ఆ తర్వాతే పాస్‌వర్డ్‌లు తీయాలి.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకోటుంది. కొత్త సిస్టమ్‌కు పాస్‌వర్డ్‌లు తరలించుకోడానికి ఎక్స్‌పోర్ట్ చేసుంటే, ఆ సీఎస్‌వీ ఫైలు (మామూలు అక్షరాల్లో ఉండే పట్టిక) డౌన్‌లోడ్స్‌లోనో, మీరు సేవ్ చేసిన ఇంకో ఫోల్డర్లోనో పడుంటుంది. దానికి తాళమేమీ ఉండదు, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సైటు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వరసగా కనబడతాయి. దాన్ని షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి, రీసైకిల్ బిన్ కూడా ఒకసారి చూడండి.

ఇంత తిప్పలెందుకు, విండోస్ రీసెట్ చేస్తే పోదా అంటే, పోతుంది. కానీ ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే ఆ సీఎస్‌వీ ఉన్నచోటే మిగులుతుంది. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచి, చేంజ్ సెట్టింగ్స్‌లో ‘క్లీన్ డేటా’ ఆన్ చేయండి. పాత హార్డ్ డిస్కయితే గంటలు పడుతుంది. చార్జర్ పెట్టి వదిలేయండి, మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ తట్టుకునేట్టు చూసుకోండి.

ల్యాప్‌టాప్ ఇప్పటికే చేతులు మారిపోయి ఉంటే, ఫోన్లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీ కింద డివైస్‌ల లిస్టులో దాన్ని సైన్ అవుట్ చేయండి. అందులో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌లు దీంతో చెరిగిపోతాయని అనుకోవద్దు. వాటిని సైటు సైటుకూ వెళ్లి మార్చాలి, మొదట జీమెయిల్‌ది.