పెర్ల్‌లో ప్లెడ్జ్, అన్‌వీల్: మా జిరాక్స్ షాపులో వాడి చూశాక

పర్లాకిమిడిలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. పాతపట్నం వైపు నుంచి తెలుగు కాగితాలు, ఊళ్లోంచి ఒడియా కాగితాలు పెన్‌డ్రైవుల్లో వస్తుంటాయి. ఆధార్ స్కాన్లు, భూమి పత్రాలు అన్నీ దింపుకునేది ఒకే పాత మెషీన్లో. ఒకరి ఫైలు చదివే స్క్రిప్టుకి (చిన్న ప్రోగ్రామ్‌కి) పక్కవాళ్ల ఆధార్ ఎందుకు కనిపించాలి? అందుకే ఆ మెషీన్లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. నా స్క్రిప్టులు రాసేది పెర్ల్ భాషలో. ఓపెన్‌బీఎస్‌డీతోపాటే వచ్చే రెండు పెర్ల్ మాడ్యూళ్లు (రెడీమేడ్ కోడ్) నాకు తెగ నచ్చాయి: స్క్రిప్టు ఏ పనులు చేయొచ్చో కట్టడి చేసే ప్లెడ్జ్, ఏ ఫోల్డర్లు చూడొచ్చో కట్టడి చేసే అన్‌వీల్.

ప్లెడ్జ్ 2016లో ఓపెన్‌బీఎస్‌డీ 5.9 వెర్షన్‌తో, అన్‌వీల్ 2018లో 6.4తో వచ్చాయి. కాపలా కాసేది కెర్నెలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే. సీ భాష ముట్టుకోకుండా పెర్ల్‌లోంచే ఈ రెండింటినీ పిలవొచ్చు. అన్‌వీల్‌కి ఫోల్డర్ పేరు, పక్కన 'ఆర్' ఇస్తే అది చదవడానికి మాత్రం తెరుచుకుంటుంది. ఏమీ ఇవ్వకుండా ఇంకోసారి పిలిస్తే ఆ జాబితాకి తాళం పడుతుంది. ఆ తర్వాత వేరే ఫోల్డర్ అడిగితే "అలాంటి ఫైలు లేదు" అనే జవాబే. ప్లెడ్జ్‌కి నేనిచ్చేది 'ఆర్‌పాత్' (ఫైళ్లు చదివే అనుమతి) ఒక్కటే, 'ఎస్‌టీడీఐఓ'ని (మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనుల అనుమతిని) మాడ్యూలే కలుపుకుంటుంది. ఇక స్క్రిప్టు నెట్‌లోకి వెళ్లబోయిందా, కెర్నెల్ అక్కడికక్కడే చంపేస్తుంది. దేనికి అనుమతి లేక చచ్చిందో డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల చిట్టాలో) ఒక లైను కనబడుతుంది. వదులుకున్న హక్కు ఆ ప్రాసెస్‌కి (నడుస్తున్న స్క్రిప్టుకి) మళ్లీ రాదు. నాకు కావలసింది సరిగ్గా ఆ గట్టితనమే.

పెర్ల్‌లో ఒక చిక్కు మాత్రం ఉంది. కొన్ని మాడ్యూళ్లని అది అవసరం పడ్డప్పుడే డిస్కు నుంచి తెస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో 'యూనికోడ్' అని సేవ్ చేసిన ఒడియా ఫైలు నిజానికి యూటీఎఫ్-16 (అక్షరాలను దాచే ఒక పద్ధతి). దాన్ని డీకోడ్ చేసే మాడ్యూల్ తాళం పడ్డాక దొరకదు. అప్పుడు వచ్చే ఎర్రర్ "అన్‌నోన్ ఎన్‌కోడింగ్". అది చూసి ఫైలే పాడైందనుకుని టెన్షన్ పడతాం. ఎన్‌కోడ్, ఎన్‌కోడ్ యూనికోడ్ అనే మాడ్యూళ్లు రెండింటినీ స్క్రిప్టు పైనే లోడ్ చేసి, ఆ తర్వాతే అన్‌వీల్, ఆఖర్న ప్లెడ్జ్ పిలవాలి.

నాకున్న అసంతృప్తి 'ఎగ్జెక్' (బయటి ప్రోగ్రామ్‌ని నడిపే అనుమతి) దగ్గర. ఆ అనుమతి ఇస్తే, స్క్రిప్టు నడిపించే బయటి ప్రోగ్రామ్ ఈ కట్టడులేవీ లేకుండా మొదలవుతుంది. గో భాషలోని యూనిక్స్ ప్యాకేజీలో ప్లెడ్జ్‌కి రెండు స్ట్రింగులు ఇవ్వొచ్చు, రెండోది ఆ బయటి ప్రోగ్రామ్‌కి వర్తిస్తుంది. పెర్ల్ మాడ్యూల్‌లో ఆ రెండోది లేదు. అది వచ్చిందంటే బయటి ప్రోగ్రామ్ కావలసిన మా పీడీఎఫ్ పనులు కూడా దీని కిందకే తెస్తాను. అప్పటిదాకా 'ఎగ్జెక్' ఇవ్వకుండా, ఫైళ్లు చదివే పనికి మాత్రమే వాడతాను.